వెనక్కి తిప్పడం అంత తేలికా?

"ఇంజిన్ చెడితే మళ్లీ వాడే రాకెట్ విమానంలా వెనక్కి వచ్చి దిగేస్తుంది, ఇక టెన్షన్ ఎందుకు" అని మళ్లీ వాడే రాకెట్ల మీద వచ్చిన ఒక వ్యాసంలో రాశారు. అక్కడే నాకు తేడా కొట్టింది. మాది నెల్లూరు దగ్గర మైపాడు. శ్రీహరికోటలో రాకెట్ ప్రయోగం రోజు మా పడవలను సముద్రంలోకి పోవద్దని చెప్పేది ఊరికే కాదు కదా!

2011 దాకా ఎగిరిన అమెరికా స్పేస్ షటిల్‌నే (విమానంలా దిగే, మళ్లీ వాడే వ్యోమనౌక) చూడండి. పక్కనున్న రెండు ఘన ఇంధన బూస్టర్లను ఒకసారి వెలిగిస్తే ఆర్పడం కుదిరేది కాదు. అవి కాలి విడిపోయేదాకా, అంటే దాదాపు 2 నిమిషాలు, వెనక్కి తిరిగే మాటే ఉండేది కాదు. ఆ తర్వాత అప్పటికున్న వేగం, ఎత్తును బట్టి దారి: బయల్దేరిన చోటికి రావడమా, అట్లాంటిక్ అవతల దిగడమా, తక్కువ ఎత్తు కక్ష్యకైనా చేరడమా. 1985 జులైలో ఛాలెంజర్ అనే షటిల్‌కు ఒక ఇంజిన్ ఆగిపోతే ఈ చివరి దారే పట్టింది. వెనక్కి వచ్చే దారిని ఒక్కసారీ వాడలేదు, వాడాల్సి రాకపోవడమే అదృష్టం.

మన ఇస్రో ఆర్‌ఎల్‌వీ (మళ్లీ వాడే, రెక్కలున్న ప్రయోగ వాహనం నమూనా) 2023, 2024ల్లో కర్ణాటకలోని చిత్రదుర్గ దగ్గర మూడుసార్లు చక్కగా దిగింది, సంతోషమే. కానీ దాన్ని వదిలింది హెలికాప్టర్ నుంచి, సుమారు 4.5 కిలోమీటర్ల ఎత్తులో. శ్రీహరికోటలో లేచాక తూర్పున ఉన్నదంతా బంగాళాఖాతమే. నడి దారిలో ఇంజిన్ పోతే ఏ రన్‌వే మీద దింపుతారు? వ్యాసంలో రాయాల్సింది అది.