కరెంటు లేకుండానే ఛార్జింగ్

మొన్న మంచు తుఫాను రాత్రి 8 గంటలకు కరెంటు పోయింది. పోవాలనే లోలోపల కోరుకున్నానని ఇప్పుడు ఒప్పేసుకుంటాను. రెండు నెలలుగా వెనక తలుపు దగ్గర ఒక బ్యాటరీ, ఒక ఇన్వర్టర్, ఒక ఛార్జర్ పెట్టుకుని ఆ ఘడియ కోసమే కాచుకు కూర్చున్నాను మరి.

మా ఇంట్లో వుడ్ స్టవ్ ఉంది. కట్టెలకు కరెంటుతో పనేంటి అంటారు. నిజమే, మంట దాని మానాన అది మండుతుంది. కానీ ఆ వేడిని గదిలోకి తోసేది స్టవ్ వెనకున్న బ్లోయర్. అది ఆగిందంటే, ముందు కూర్చున్నవాడి మోకాళ్లు మాడిపోతుంటాయి, వీపు గడ్డకట్టుకుపోతుంటుంది. ఆ బ్లోయర్ తినేది 75 వాట్లు, ఒక పాత బల్బంత. దానికోసం జనరేటర్ ఏం కొంటాం? అందుకే బ్యాటరీ.

కొనడం, మోయడం, బిగించడం గురించి చెప్పను, నడుము ఇంకా నొప్పిగానే ఉంది. లెక్క మాత్రం చెప్తాను, ఎందుకంటే నేను తప్పు చెయ్యనిది అదొక్కటే. 12 వోల్టులు, 100 ఏహెచ్ (ఆంపియర్ అవర్ల) బ్యాటరీ, అంటే రెండూ గుణిస్తే 1200 వాట్ అవర్లు. లెడ్ యాసిడ్ బ్యాటరీని సగానికి మించి పిండితే త్వరగా పోతుంది కాబట్టి 600 అనుకోండి. ఇన్వర్టర్ తన కమీషన్ తాను తీసుకోగా బ్లోయర్‌కి దాదాపు 7 గంటలు. ఇన్వర్టర్ కూడా ప్యూర్ సైన్ వేవ్‌దే, అంటే గోడలో వచ్చే కరెంటులాంటి నున్నటి కరెంటు ఇచ్చేది. చవకరకంది కొంటే మోటారు కందిరీగల తుట్టెలా రొద పెట్టి వేడెక్కుతుందని మా బావమరిది చెప్పాడు. ఛార్జ్ అయ్యేటప్పుడు బ్యాటరీ నుంచి హైడ్రోజన్ వస్తుంది, నిప్పుకు దూరంగా పెట్టమని చెప్పిందీ వాడే. వాడు ఎలక్ట్రికల్ ఇంజినీరు. ఈ ముక్క గుర్తుంచుకోండి.

కరెంటు పోయిన నిమిషంలోనే ఎక్స్‌టెన్షన్ బాక్సు ప్లగ్గు గోడలోంచి లాగి ఇన్వర్టర్‌లో పెట్టాను. బ్లోయర్ జుయ్యిమంది. హాల్లోకి వెచ్చటి గాలి. మా ఆవిడ “పర్లేదే” అంది. పెళ్లయినప్పటి నుంచీ నా పనులకు ఆవిడ ఇచ్చిన మార్కుల్లో ఇదే ఎక్కువ.

అక్కడితో వచ్చి కూర్చుంటే సరిపోయేది. బ్యాటరీ ఎలా ఉందో చూద్దామని టార్చ్ పట్టుకుని వెళ్లాను.

ఛార్జర్ మీద ఎర్రలైటు వెలుగుతోంది.

ఎర్రలైటంటే ఛార్జ్ అవుతోందని అర్థం. మాన్యువల్ మూడో పేజీలో ఉంది, ఆ పుస్తకంలో నేను చదివింది కూడా ఆ ఒక్క పేజీయే. కిటికీలోంచి చూస్తే వీధంతా చీకటి. టార్చ్ ఆర్పాను. చీకట్లో ఆ ఎర్రచుక్క ఇంకా అందంగా కనిపించింది. కరెంటు లేదు, కానీ బ్యాటరీ ఛార్జ్ అవుతోంది! ఏమై ఉంటుందా అని ఆలోచించాను. కరెంటు ఆపేశాక కూడా, పైపు కట్టేశాక చివర్న నాలుగు చుక్కలు పడ్డట్టు, వైర్లలో కాస్త మిగిలి ఉంటుందేమో. ఈ మాట నేను మనసులో అనుకుని ఊరుకోలేదు, పైకి అన్నాను. సాక్షులున్నారు.

మా ఆవిడ వచ్చి చూసింది. “అయితే ఇది ఇక ఎప్పటికీ అయిపోదా అండీ?” అంది. “అలాగే కనిపిస్తోంది” అన్నాను, గొంతు కాస్త తగ్గించి, ఇలాంటివి పెద్దగా చెప్పుకోకూడదన్నట్టు.

చెప్పుకోకుండా ఉండగలమా? బావమరిదికి వీడియో కాల్ చేశాను. కెమెరాని ఛార్జర్ మీద, బాక్సు మీద, ఇన్వర్టర్ మీద వరసగా తిప్పి, వైరు వెంట వైరు పట్టి చూపించాను. వాడు కాసేపు మాట్లాడలేదు. తర్వాత “సూపర్ బావా! ఇంతవరకూ ఎవరివల్లా కాలేదు ఇది” అన్నాడు. ఆ పొగడ్త ఊపులో బ్లోయర్‌ని ఫుల్ స్పీడులో పెట్టేశాను.

ఈలోగా కరెంటు వాళ్ల మెసేజ్‌లు. 10 గంటలకు వస్తుందన్నారు. 10 అయ్యాక 12 అన్నారు. ప్రతిసారీ చివర్న “మీ సహనానికి కృతజ్ఞతలు”. నా సహనం సంగతి వాళ్లకెవరు చెప్పారో.

12:15కి ఇన్వర్టర్ కీ... మని ఏడుపు అందుకుంది. రెండు నిమిషాల్లో బ్లోయర్ ఆగింది, ఎర్రలైటూ ఆరింది. 7 గంటల బ్యాటరీ నాలుగు గంటల్లోనే చతికిలబడింది. ఆ కూతకి మా అమ్మాయి దుప్పటి కప్పుకుని వచ్చింది. ఎనిమిదో క్లాసు.

“నాన్నా, ఛార్జర్ దేనికి పెట్టావ్?”

“బాక్సుకి.”

“బాక్సు?”

“ఇన్వర్టర్‌కి.”

“ఇన్వర్టర్?”

“బ్యాటరీకి.”

“మరి బ్యాటరీ?”

“ఛార్...” అని ఆగిపోయాను. తెరిచిన నోరు కాసేపు అలాగే ఉండిపోయింది.

బ్లోయర్, ఛార్జర్ రెండూ ఒకే బాక్సులో ఉన్నాయి. ఆ బాక్సుని తీసుకెళ్లి ఇన్వర్టర్‌కి తగిలించింది నేనే. అంటే నాలుగు గంటలుగా ఆ బ్యాటరీ తనని తానే ఛార్జ్ చేసుకుంటోంది. దారిలో ఇన్వర్టర్ కాస్త తిని, ఛార్జర్ కాస్త తిని, మిగిలింది వెనక్కిచ్చాయి. బావిలో నీళ్లు చిల్లు బిందెతో తోడి మళ్లీ అదే బావిలో పోసినట్టు. పైగా దానికి ఎర్రలైటు ఒకటి, పని బాగా జరుగుతోందని.

ఆ అర్ధరాత్రే బావమరిదికి ఫోన్ కొట్టాను. మొదటి రింగుకే ఎత్తాడు, అంటే దీనికోసమే మేలుకుని ఉన్నాడు. “నువ్వు జోక్ చేస్తున్నావనుకున్నా బావా” అన్నాడు. వైరు వెంట వైరు పట్టి చూపిస్తే జోకట! నాలుగేళ్లు ఎలక్ట్రికల్ చదివినవాడికి “ఆ ప్లగ్గు తీసెయ్” అనే మూడు మాటలు నోట్లోంచి రాలేదు. సైన్ వేవ్ గురించైతే గంటసేపు చెప్తాడు.

తెల్లవార్లూ ముగ్గురం స్టవ్ ముందే, అరగంటకోసారి అటూ ఇటూ తిరుగుతూ కాచుకున్నాం. 6 గంటలకు కరెంటు వచ్చింది. 6:20కి మెసేజ్ వచ్చింది, 11 గంటలకల్లా వస్తుందని.

ఇవాళ చూస్తే ఛార్జర్ ప్లగ్గుకి తెల్ల టేపు చుట్టి ఉంది. దాని మీద మా అమ్మాయి దస్తూరీ: “నాన్నా, గోడకి.” నేను చూసేసరికే మా ఆవిడ దాన్ని ఫోటో తీసి తమ్ముడికి పంపేసింది.