లిమిటెడ్ ఎడిషన్ నంబరు గారికి, ఉభయకుశలోపరి

మహారాజశ్రీ పెట్రోలు ట్యాంకు మీది సీరియల్ నంబరు గారి దివ్యసముఖమునకు,

బెజవాడ నుంచి ఒక మామూలు రాయల్ ఎన్‌ఫీల్డ్ క్లాసిక్ 350 బండి ఓనరు రాసుకునేది ఏమనగా, ఇక్కడ మేమంతా క్షేమం. అక్కడ తమరు కూడా సెల్లార్లో, కవరు కింద, కవరు మీద ఇంకో పాత దుప్పటి కింద ఎండావానా తగలకుండా క్షేమంగా ఉన్నారని తలుస్తాను. రోడ్డెక్కి ఎన్నాళ్ళయిందని మాత్రం అడగను. అడిగితే బాగుండదు.

ఈ ఉత్తరం బండికి రాయాలా, తమరికి రాయాలా అని రెండు రోజులు ఆలోచించాను. బండికి ఇంజనుంది, చక్రాలున్నాయి, నిజమే, కానీ అవి నా బండికీ ఉన్నాయి. జనం కొట్టుకు చస్తున్నది లిమిటెడ్ ఎడిషన్ బండి ట్యాంకు మీద, ఇన్ని బళ్ళలో ఇది ఇన్నోది అని స్టెన్సిల్ పెట్టి కొట్టిన ఆ అంకెల కోసం. కాబట్టి తమరికే రాస్తున్నా.

2018 గుర్తుందా? తమరి వైభవం చూసిన సంవత్సరం అది. రాయల్ ఎన్‌ఫీల్డ్ వాళ్ళు క్లాసిక్ 500 పెగాసస్ అని ఒకటి తెచ్చారు, ప్రపంచం మొత్తానికి వెయ్యి బళ్ళు, అందులో మన దేశానికి 250. రెండో ప్రపంచ యుద్ధంలో పారాచూట్ కట్టి ఆకాశంలోంచి దించిన ఫ్లయింగ్ ఫ్లీ అనే 125 సీసీ బుల్లి బండికి అది జ్ఞాపకార్థం అన్నారు. ఆ బుల్లి బండి బరువు 60 కిలోల లోపు. పెగాసస్ 190 కిలోల పైమాటే, దీన్ని గనక పైనుంచి దించి ఉంటే ఎవరి మీద పడితే వాళ్ళకి యుద్ధం అక్కడితో సరి. ఇంజను మాత్రం పాత 500దే. కొత్తగా వచ్చినవేమిటయ్యా అంటే మిలటరీ రంగు, నల్ల సైలెన్సరు, రెండు కాన్వాసు సంచులు, ఎయిర్ ఫిల్టర్ చుట్టూ ఇత్తడి బకిల్స్ పెట్టిన తోలు బెల్టు (ఎయిర్ ఫిల్టర్‌కి బెల్టెందుకో నాకు ఇప్పటికీ అర్థం కాలేదు, జారిపోతుందనా?), ఆ పైన ట్యాంకు మీద తమరు.

దాదాపు రెండున్నర లక్షలు. రేటు బయటికి రాగానే మా ఆదివారం రైడింగ్ బ్యాచ్ మొత్తం టీ కొట్టు దగ్గర నిలబడి తిట్టింది. రంగు మార్చి అంత దండుకుంటారా, కొనేవాడికి బుద్ధి ఉండక్కర్లేదా అని గ్లాసులు ఖాళీ అయ్యేదాకా తిట్టి, సాయంత్రం ఇంటికెళ్ళి అందరూ విడివిడిగా పేర్లు రిజిస్టర్ చేసుకున్నారు. ఒకడికి తెలియకుండా ఒకడు. నేనూ, మా బావమరిది కూడా.

జులై 10న అమ్ముతామన్నారు, రద్దీకి సైటు చేతులెత్తేసింది, 25కి వాయిదా పడింది. ఆ రోజు ఇద్దరం రెండు ఫోన్లు పట్టుకుని, తిరుమల మూడొందల టికెట్టుకి కూర్చున్నట్టు స్నానాలు చేసి మరీ కూర్చున్నాం. పేరు కొట్టాం, ఫోను నంబరు కొట్టాం, అడ్రసు దగ్గరికొచ్చాక మావాడు తలెత్తి, "బావా, ల్యాండ్‌మార్క్ దగ్గర రామాలయం అని రాయనా, రామాలయం పక్క సందు అని రాయనా?" అన్నాడు. నేను కాసేపు ఆలోచించి, "పక్క సందు" అన్నాను. అంతే, 250 బళ్ళూ అయిపోయాయి. మొత్తం 178 సెకన్లు. అంటే నిమిషానికి 84 బళ్ళు, మా వీధిలో నిమిషానికి అన్ని ఇడ్లీలు కూడా అమ్ముడుపోవు.

దొరకనందుకు వారం రోజులు అన్నం సహించలేదు. నెల తిరిగేసరికి మాత్రం కడుపు నిండిపోయింది. ఎందుకంటే ఆగస్టు 28న అదే కంపెనీ క్లాసిక్ 350 సిగ్నల్స్ ఎడిషన్ అని ఇంకోటి దించింది, లక్షా 62 వేలకి, ఏబీఎస్‌తో సహా. తమరిని మోస్తున్న రెండున్నర లక్షల బండికి ఏబీఎస్ లేదు! తోలు బెల్టు ఉంది, బ్రేకు పట్టుకుంటే చక్రం జారకుండా చూసే మిషను లేదు. పెగాసస్ ఓనర్లు భగ్గుమన్నారు, కొందరు బండిని చెత్తలో పెట్టి ఫొటోలు తీసి మరీ నిరసన చెప్పారు. ఈ ఒక్క విషయంలో నేను నవ్వను, వాళ్ళ కోపంలో న్యాయం ఉంది. 2019 ఏప్రిల్ నుంచి 125 సీసీ దాటిన ప్రతి బండికీ ఏబీఎస్ ఉండాలన్న రూలు అప్పటికే వచ్చింది, కంపెనీకి తెలియందేం కాదు. కొన్నవాళ్ళకీ తెలిసే ఉంటుంది. కానీ తమరు ట్యాంకు మీద అలా మెరుస్తుంటే బ్రేకుల సంగతి ఎవడికి గుర్తొస్తుంది చెప్పండి?

అప్పటితో తమరి పని అయిపోయిందనుకున్నా. అబ్బే. 2021లో కంపెనీకి 120 ఏళ్ళని 650 ట్విన్స్ అనే రెండు సిలిండర్ల బళ్ళలో మళ్ళీ వచ్చారు, మన దేశానికి 120 బళ్ళు, 120 సెకన్లలో ఖాళీ. ఈసారి ట్యాంకుకి ఇత్తడి బ్యాడ్జి, అదీ తమిళనాట గుళ్ళకి విగ్రహాలు పోసే కుటుంబం చేత చేయించింది. పనితనం నిజంగా బాగుంది, అబద్ధమెందుకు. ఫొటో మా అమ్మకి చూపిస్తే కళ్ళజోడు పైకి జరిపి చూసి, "చింతపండు పెట్టి తోమితే ఇంకా మెరుస్తుందిరా" అంది. 2025లో షాట్‌గన్ 650 అనే బండి మీద ఐకాన్ అనే రైడింగ్ దుస్తుల కంపెనీ వాళ్ళతో కలిసి ఇంకో ఎడిషన్, ప్రపంచానికి వంద, మనకి 25, రేటు నాలుగుంపావు లక్షలు. దాంతోపాటు జాకెట్టు ఇస్తారట అని ఇంట్లో చెబితే, కొలతలు ఎవరు తీసుకుంటారని మా ఆవిడ అడిగింది. 250 పోయి 120, 120 పోయి 25. ఇలాగే వెళ్తే రేపో మాపో ఒకే ఒక్క బండి చేస్తారు, దాన్ని ఏడాదికోసారి మేళతాళాలతో మాడవీధుల్లో తిప్పి మళ్ళీ లోపల పెట్టేస్తారు.

మా వాళ్ళు తమరిని తిడుతున్నారని బాధపడకండి. మామూలు మోడల్ వచ్చినా తిడతారు. మా పెద్దనాన్నకి కుడికాలితో గేర్లేసే పాత బుల్లెట్ ఉంది, దాన్ని స్టార్ట్ చెయ్యడం ఆయనకి సంధ్యావందనం. కిక్కు మెల్లగా నొక్కుతూ ఆంప్‌మీటర్ (కరెంటు చూపే మీటరు) ముల్లు నడిమధ్యకి వచ్చేదాకా చూస్తాడు, డీకంప్రెషన్ లీవరు (ఇంజనులో బిగిసిన గాలిని వదిలే పిడి) పట్టి కిక్కు ఇంకాస్త దించుతాడు, లీవరు వదిలేస్తాడు, అప్పుడు ఒక్క తన్ను. పంచె నలగదు. నేను కొత్త బండి తీసుకెళ్ళి చూపించి బటన్ నొక్కితే, "స్కూటరు బాగుందిరా, ఎంత పడింది?" అన్నాడు. ఆయన లెక్కలో గేరు ఎడమకాలికి మారిన రోజే బుల్లెట్ పోయింది. 2009లో క్లాసిక్ రాగానే కొన్న మా ఆఫీసు సీనియర్ గారి లెక్కలో 2021లో కొత్త ఇంజను వేసిన రోజున పోయింది. "ఊపే లేదండీ, అద్దంలో వెనక లారీ నంబరు కూడా కనబడిపోతోంది, ఇదేం బుల్లెట్టు?" అని ఆయన ఆవేదన. ఎవరికి వాళ్ళు, తాము డెలివరీ తీసుకున్న మర్నాటి నుంచే కంపెనీ చెడిపోయింది. 2020లో బీఎస్6 అనే పొగ రూలు ముందు 500 ఆపేస్తూ ట్రిబ్యూట్ బ్లాక్ అని ఆఖరి ఎడిషన్ తెచ్చినప్పుడు కూడా చూశాను, అన్నాళ్ళూ "చేతులు తిమ్మిరెక్కుతాయి, ఎవడు నడుపుతాడు" అన్నవాళ్ళే దానికి పెద్దకర్మ స్థాయిలో సంతాపం చెప్పారు.

అన్నట్టు ఆ నలుపులొకటి. ట్రిబ్యూట్ బ్లాక్, స్టెల్త్ బ్లాక్, బెటాలియన్ బ్లాక్. మా ఊళ్ళో మూడింటినీ నలుపే అంటారు.

ఇక ఏ కంపెనీ ఏ ఎడిషన్ దించినా, "ఇవన్నీ సరే గానీ ఆర్‌ఎక్స్ 100 మళ్ళీ ఎప్పుడొస్తుంది?" అని అడిగేవాడు ఒకడుంటాడు. ఆర్‌ఎక్స్ 100 యమహాది. ఎదురుగా ఉన్నది యమహా షోరూమ్ కాదు. ఆ బండి ఆగిపోయింది 1996లో, అడిగేవాడు పుట్టింది ఆ తర్వాత. అయినా అడుగుతాడు, సేల్స్ కుర్రాడు కూడా తలాడించి, "చూద్దాం సార్" అంటాడు.

సరే, అసలు సంగతికొస్తా. మొన్న శనివారం నంబరు ప్లేటు మీద రంగు పోయిందని ఆటోనగర్ వైపు ఒక రేడియం షాపుకి వెళ్ళాను. గోడకి స్టెన్సిళ్ళు వేలాడుతున్నాయి, దేవుళ్ళు, పులులు, హీరోల సంతకాలు, మధ్యలో తమరు. సున్నాలూ, గీతా, 250 అని, అచ్చం మిలటరీ అక్షరాల్లో. ఎంత అని అడిగా. ఎనభై రూపాయలన్నా, పెయింటుతో కలిపి, అన్నాడు కుర్రాడు, నోట్లో టేపు ముక్క పెట్టుకుని. నా బండి 500 కాదు, పెగాసస్ కాదు, దాని రంగు కూడా వేరే. వాడు అవేమీ అడగలేదు. "ఒకటో నంబరు వెయ్యి" అన్నా.

"ఒకటి వద్దన్నా, ఈ నెల్లోనే ముగ్గురికి వేశా. 137 చూసుకో, అది ఇంకా ఎవరూ తీసుకోలేదు."

ఇట్లు,
తమ విధేయుడు,
137/250
(పెయింటు ఇంకా ఆరలేదు, ముట్టుకోకండి)