మిథ్యలో నిలిచిపోయిన లిఫ్టు

విజయవాడ సత్యనారాయణపురంలోని మా అపార్ట్‌మెంటులో లిఫ్టు ఆగిపోయి మూడు నెలలైంది. అది చెడిపోయిందని మేము పామరుల్లా అనుకుంటూ ఉండగా, సంఘం అధ్యక్షుల వారు మొన్న ఆదివారం సెల్లారులో జరిగిన సమావేశంలో మా అజ్ఞానాన్ని తొలగించారు. మరమ్మతు పేరిట ఇంటికి రెండు వేల చొప్పున వసూలు చేసిన సొమ్ము ఏమైందని ఎవరో అడగగా, ఆయన కళ్లు అరమోడ్చి, "జగత్తే మిథ్య అయినప్పుడు అందులో లిఫ్టెంత, దాని లెక్కెంత?" అని సెలవిచ్చారు. 2024 ఎండాకాలం నుంచి ఆయన వేదాంత ప్రవచనాలకు వెళ్తున్నారు. అంతకుముందు లెక్కలు అడిగితే "ఆడిటరు ఊళ్లో లేడు" అనేవారు. పురోగతిని కాదనలేము.

మిథ్య అంటే లేనిదని అర్థం కాదని, మూడో అంతస్తులో ఉండే సంస్కృతం మాస్టారు వినయంగా మనవి చేశారు. లేనిదానికి శాస్త్రం కుందేటి కొమ్మని వేరే ఉదాహరణ చెప్పిందట. ఉందనీ లేదనీ నిర్వచించడానికి వీలుకాక, జ్ఞానం కలగగానే తొలగిపోయేది మిథ్య, మసక చీకట్లో తాడు మీద కనబడే పాములాగా. అధ్యక్షుల వారి ముఖం వికసించింది. "నేను చెబుతున్నదీ అదే మాస్టారూ! మన సొమ్ము ఉందనీ చెప్పలేము, లేదనీ చెప్పలేము." కోశాధికారి గారు పద్దు పుస్తకం మూసి నమస్కరించారు.

మాస్టారు వదలలేదు. నేల మీద కుండ కనబడకపోవడమే కుండ లేదనడానికి ప్రమాణమైనట్టు, రసీదు కనబడకపోవడమూ ప్రమాణమే కదా అన్నారు. ఇది అనుపలబ్ధి. పగలు తినని దేవదత్తుడు లావుగానే ఉన్నాడంటే రాత్రి తింటున్నాడని తెలుసుకోవాలి, ఇది అర్థాపత్తి అని ఆయన వివరిస్తున్నప్పుడు, సభ్యుల చూపు ఎందుకో గాని మూలన నిలిపి ఉన్న అధ్యక్షుల వారి కొత్త స్కూటరు మీదికి మళ్లింది.

అంతా ఒకటేననే ఇంతటి అద్వైతి నెల మొదట్లో వసూళ్లకు వచ్చినప్పుడు మాత్రం సాక్షాత్తు ద్వైతం బోధించిన మధ్వాచార్యుల వారే. జీవులకూ జీవులకూ మధ్య భేదం పరమ సత్యం కనుక మీ బకాయి మీదే, పక్కింటివారిది పక్కింటివారిదే.

ఇంతవరకు నవ్వుకున్నాను. కానీ 2024 సెప్టెంబరులో బుడమేరుకు గండ్లు పడి సింగ్‌నగర్ మునిగినప్పుడు, మా మెట్లు తుడిచే ఆవిడ బిడ్డలతో డాబా మీద గడిపి, నీళ్లు తీశాక వచ్చి సంఘం నుంచి అయిదు వేలు అప్పు అడిగితే, ఈయన "ప్రారబ్ధం అమ్మా, అనుభవించాల్సిందే" అన్నారు. సిగ్గులేని మాట. ప్రారబ్ధమనేది తన కష్టాన్ని తాను ఓర్చుకోవడానికి చెప్పుకునే మాటే గాని, మునిగిన ఇంటి ముందు ఒడ్డున నిలబడి ఇచ్చే తీర్పు కాదు. దాన్ని అద్వైతం బోధించిన శంకరుల పేరిట చెప్పడం మరీ అన్యాయం. బయట వస్తువులే లేవన్న విజ్ఞానవాద బౌద్ధులను బ్రహ్మసూత్ర భాష్యంలో ఖండిస్తూ, భోంచేసి ఆ తృప్తిని అనుభవిస్తూనే 'నేను తినడమూ లేదు, తృప్తి పడడమూ లేదు' అనేవాడితో వారిని పోల్చినది ఆ శంకరులే! బ్రహ్మజ్ఞానం కలిగేదాకా వ్యవహారమంతా సత్యమేనని చెప్పినదీ ఆయనే. ఆకలి వ్యవహారం, వరద వ్యవహారం, రసీదు వ్యవహారం. ఎగ్గొట్టడానికి భాష్యం రాయలేదు ఆయన.

సమావేశం ముగిశాక అధ్యక్షుల వారు మొదటి అంతస్తులోని తమ ఇంటికి వెళ్లిపోయారు. మోకాళ్ల నొప్పులున్న మాస్టారు మెట్ల మలుపు మలుపుకూ ఆగుతూ మూడో అంతస్తు చేరేసరికి పావుగంట పట్టింది. లిఫ్టు తలుపు మీద కొత్త కాగితం అంటించి ఉంది: "మెయింటెనెన్సు 5వ తేదీలోగా చెల్లించగలరు."