పడుకోమని లేపిన వాచీ

నిద్ర పట్టడం లేదని పొరపాటున నలుగురిలో అనకూడదు. జ్వరమంటే ‘డాక్టరుకు చూపించావా’ అని అడిగి ఊరుకునేవాళ్లు కూడా నిద్ర దగ్గరికి వచ్చేసరికి తామే డాక్టర్లయిపోతారు. అందులో మా బావ మరీను. ఆయనకు తల దిండుకు ఆనక ముందే గుర్రు మొదలవుతుంది. నిద్రలేమి ఏ రంగులో ఉంటుందో కూడా ఎరగని ఆ మనిషి పంపిన వాయిస్ మెసేజీలు నా ఫోనులో బారులు తీరి ఉన్నాయి. అన్నీ రాత్రి పొద్దుపోయాక వచ్చినవే. ‘పడుకునే గంట ముందు ఫోను ముట్టుకోకు, ఆ వెలుతురు నిద్రను చెడగొడుతుంది’ అన్న మెసేజీ అయితే మంచంమీద వాలాక టింగుమంటూ వచ్చింది.

పోనీ అవన్నీ కాకమ్మ కబుర్లా అంటే అదీ కాదు. అక్కడే నాకు ఒళ్లు మండేది. సాయంత్రం కాఫీ మానెయ్ అన్నాడు. నిజమే, తాగిన కెఫీన్‌లో సగం ఒంట్లోంచి పోవడానికే సుమారు 5 గంటలు పడుతుంది. 5 గంటలకు తాగిన కప్పులో సగం రాత్రి 10కి కూడా లోపల డ్యూటీలోనే ఉంటుందన్నమాట. 20 నిమిషాలైనా నిద్ర రాకపోతే మంచం దిగిపో, మంచాన్ని చూస్తే నిద్రే గుర్తుకు రావాలి గానీ ఆఫీసు కాదు అన్నాడు. ఇది రిచర్డ్ బూట్‌జిన్ అనే అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్త 1972లో చెప్పిన పద్ధతి. బావ మాత్రం దాన్ని తానే నిన్న మధ్యాహ్నం భోజనమయ్యాక కనిపెట్టినట్టు చెప్పాడు. కాఫీ మానేశాను, తలనొప్పి వచ్చింది, ఆ నొప్పికి ఉన్న కాస్త నిద్రా పోయింది. పడుకునే ముందు గోరువెచ్చని పాలన్నారు. తాగాను. అవి నిద్రపుచ్చే మాట ఎలా ఉన్నా, అర్ధరాత్రి మాత్రం లేపి బాత్రూముకు నడిపించాయి. దాని సంగతి వదిలేద్దాం.

ఇక మిగిలింది పాదస్నానం. పడుకునే గంటా రెండు గంటల ముందు కాళ్లు గోరువెచ్చని నీళ్లలో పెడితే పాదాల్లోని రక్తనాళాలు వెడల్పవుతాయి, ఒంట్లోని వేడి వాటిగుండా బయటికి పోతుంది, లోపలి ఉష్ణోగ్రత కొంచెం తగ్గుతుంది, ఆ తగ్గడమే నిద్రకు పిలుపు. వేడి నీళ్లతో ఒళ్లు చల్లబడటమేమిటని మొదట నవ్వుకున్నా, లెక్క మాత్రం సరైనదే. దీనికి తోడు కళ్లకు గంతలు, వాటిమీద లావెండర్ నూనె చుక్క, చెవుల్లో ఇయర్ ప్లగ్స్, చేతికి నిద్రను కొలిచే వాచీ. వాచీ కూడా బావ ఇచ్చిందే. ఇస్తూ ఇస్తూ ఆయనే అందులో ఏవేవో నొక్కి, ‘ఇక నువ్వేం చూసుకోనక్కర్లేదు’ అన్నాడు.

నిన్న రాత్రి హాల్లో కిటికీ పక్కన కుర్చీ వేసుకుని, ప్లాస్టిక్ టబ్బులో కాళ్లు పెట్టి కూర్చున్నాను. లైటు తీసేశాను. నిద్ర పట్టడానికి ఊపిరి లెక్క ఒకటుంది, అది మొదలుపెట్టాను: ముక్కుతో గాలి పీలుస్తూ 4 లెక్కపెట్టాలి, బిగబట్టి 7, నోటితో వదులుతూ 8. బిగబట్టిన చోట ఐదో ఆరో అనుకుంటుండగా లెక్క తప్పింది. తప్పిందంటే, నిద్ర పట్టింది! మంచం, పరుపు, ఖరీదైన దిండు ఇవ్వలేని నిద్ర చేతులు లేని కుర్చీలో, మోకాళ్ల కింద నీళ్లలో పట్టింది. ఎంతసేపు పట్టిందో తెలియదు, తెలియకపోవడమే ఆ నిద్రలోని గొప్పతనం.

సరిగ్గా పదిన్నరకు మణికట్టుమీద ఏదో జర్రుమంది.

ఆ తర్వాతి అర నిమిషం గురించి కొంచెం వివరంగా చెప్పాలి. మాంచి నిద్రలోంచి ఉలిక్కిపడి లేచిన మనిషికి తానెవరో ముందు గుర్తొస్తుంది, ఎక్కడున్నాడో తర్వాత, కాళ్లెక్కడున్నాయో అన్నిటికన్నా చివర. నాకు చేతిమీద ఏదో పురుగు పాకుతోందన్నంత వరకే తెలిసింది. విదిలించాను, పోలేదు, మళ్లీ జర్రుమంది. కళ్లు తెరిచాను, చీకటి. ఇంకా పెద్దవి చేశాను, ఇంకా చీకటి. చూపు పోయిందా అన్న అనుమానం రాగానే లేచి నిలబడ్డాను. కుడికాలు టబ్బులోంచి బయటికి వచ్చింది. ఎడమకాలికి ఆ కబురు అందలేదు. తడి పాదం నున్నటి నేలమీద ఒకవైపు జారుతుంటే, నీళ్లతో సహా టబ్బు ఎడమకాలిని తీసుకుని రెండోవైపు బయల్దేరింది. ఈ వయసులో నా కాళ్లు అంత దూరం విడిపోగలవని నాకే తెలియదు. వ్యాయామం నేర్పే కుర్రాడు నెలల తరబడి వంచలేకపోయిన ఒంటిని టబ్బు రెండు క్షణాల్లో వంచింది. చేతికి ఏదో మెత్తగా తగిలితే పట్టుకున్నాను. అది కర్టెను. కర్టెను నన్ను ఆపలేదు గానీ, మర్యాదకు తనూ నాతో వచ్చింది, వెంట రాడ్డును తెచ్చుకుంది.

కింద పడ్డాక నెత్తిమీద గుడ్డ, దానిమీద రాడ్డు, కింద నీళ్లు, చుట్టూ లావెండర్ వాసన. ఆ వాసన మనసును ప్రశాంతంగా ఉంచుతుందని సీసామీద రాసి ఉంది.

లైటు వేసిన వెలుగు గంతల అంచులోంచి కనబడింది. చూపు పోలేదన్నమాట. మా ఆవిడ ఏదో అంటోంది. చెవుల్లో ప్లగ్స్ ఉన్నాయి కదా, నాకు ‘టైమెంతండీ’ అన్నట్టు వినిపించింది.

“పదిన్నర” అన్నాను.

నిజానికి ఆవిడ అడిగింది ‘ఏమైందండీ’ అని. తలకు దెబ్బ తగిలి మతి చలించిందని ఖాయం చేసుకుని, “నేనెవరో గుర్తుపట్టండి, నా పేరు చెప్పండి” అని గట్టిగా అరిచింది. ఆ అరుపుకు కింది వాటావాళ్లు కూడా పైకి వచ్చారు. వాళ్లు దొంగ పడ్డాడేమోనని కర్ర తెచ్చుకున్నారు. టబ్బును, గంతలను, కర్టెనులో చుట్టుకున్న నన్ను చూసి కర్ర వెనక్కి దాచుకుని, ఏమీ అడగకుండా వెళ్లిపోయారు. ఏదో ఒకటి అడిగి ఉంటే బాగుండేది.

అప్పుడు చూశాను వాచీని. ‘మీ నిద్రవేళ అయింది. ఇక పడుకోండి’ అని ఉంది. పక్కన నెలవంక బొమ్మ.

నిద్రపోతున్నవాణ్ణి లేపి, పడుకోమని చెప్పింది! గుండె ఎంత కొట్టుకుంటోందో, ఒళ్లు ఎంత కదులుతోందో క్షణక్షణం కొలుస్తానంటుంది గదా, ఎదుటివాడు ఆల్రెడీ నిద్రలో ఉన్నాడని ఆ మాత్రం తెలియదా?

నడుం పట్టేయడంతో ఆ తర్వాత రాత్రంతా పక్కకు తిరగలేక, వెల్లకిలా, కదలకుండా, సీలింగు ఫ్యానును చూస్తూ గడిపాను. పొద్దున వాచీ నాకు నూటికి 91 మార్కులు వేసింది. ‘అద్భుతమైన నిద్ర!’ అట. ఈ వాచీలు ముఖ్యంగా కదలికనూ గుండె వేగాన్నీ బట్టి నిద్రను అంచనా వేస్తాయి. అందుకే కదలకుండా మేలుకుని పడుకున్నవాడు కూడా వాటి లెక్కలో నిద్రపోతున్నట్టే. ఇలాంటి మార్కుల కోసం టెన్షన్ పడి ఉన్న నిద్ర పాడుచేసుకోవడానికి అమెరికా పరిశోధకులు 2017లో ఆర్థోసోమ్నియా అని పేరు కూడా పెట్టారు. నడుం పట్టేయడం అందులో కలుస్తుందో లేదో మాత్రం రాయలేదు.

మార్కుల కింద ఇంకో ప్రశ్న ఉంది: ‘నిన్నటి అలవాటు మీకు బాగా పనిచేసింది. రోజూ గుర్తుచేయమంటారా?’

రెండే బటన్లు. ‘సరే’, ‘కాసేపాగి అడుగు’. ‘వద్దు’ అన్నది ఎక్కడుందో ఇంకా వెతుకుతున్నాను.