ఎఫ్ ముక్క గారికి, ఉరఫ్ ఆర్ గారికి

పర్లాకిమిడి

ఎఫ్ ముక్క గారికి నమస్కారాలు.

మా అమ్మాయికి సెలవుల్లో కాలక్షేపమని చెక్కముక్కల పెట్టె కొన్నాను. ఐదేసి గళ్ల ముక్కలు 12, మొత్తం 60 గళ్లు. ఆరు గళ్ల వెడల్పు, పది గళ్ల పొడవున్న ఆ పెట్టెలో మీ పన్నెండు ముక్కల్నీ 2339 రకాలుగా సర్దొచ్చట. నాకు ఒక్కటీ రాలేదు. ప్రతిసారీ చివర్న మీరే చేతిలో మిగులుతున్నారు.

పోనివ్వండి. నా కడుపుమంట మీ పేరు గురించి. 1953లో గణితజ్ఞుడు సాలమన్ గోలంబ్ గారు, రెండు గళ్ల ముక్క డొమినో పేరులోని 'డ' అంటే రెండని కొంటెగా విడగొట్టి, 'పాలి' అంటే చాలా అని తగిలించి, మీ వంశానికి పాలియోమినోలని పేరు పెట్టారు. ముక్కలకేమో ఇంగ్లిషు అక్షరాలు. టీ, యూ, ఎక్స్ అంటే చూడగానే ఒప్పుకుంటాం. కూడిక గుర్తుకి ఒక చెయ్యి విరిచి తల పక్కన అతికించినట్టుండే మీరు ఎఫ్ ఎలా అయ్యారండీ? తర్వాత ఇంకో గణితజ్ఞుడు జాన్ కాన్వే గారికి ఓ నుంచి జెడ్ దాకా వరస కావాల్సొచ్చి మిమ్మల్ని ఆర్ చేశారు. గళ్లు తరతరానికీ పుడుతూ చస్తూ ఉండే ఆయన 'లైఫ్' ఆటలో 1103 తరాలు అల్లరి చేసి గానీ కుదుటపడనిది ఆ ఆర్ గారే. (మన తెలుగు, ఒడియా అక్షరాలన్నీ గుండ్రనివి, గళ్లకు లొంగవు. ఏడు గళ్ల ముక్కలు 108లో ఒక్కదానికి మాత్రం మధ్యలో చిల్లుంది. మూల విరిగిన సున్న అనుకోవచ్చు.)

రెండు పేర్లున్నాయని మిమ్మల్నెవరైనా అఫిడవిట్ అడిగారా?

మా ఊరు 1936 ఏప్రిల్ 1న ఒడిశాలోకి వెళ్లింది. ఒడియాలోకి దాటితే మా 'వ' కాస్తా 'భ' అవుతుంది. బడి సర్టిఫికెట్లో నేను వెంకటరావుని, రేషన్ కార్డులో భెంకట రావుని. ఒక ఆఫీసు కిటికీ వెనక బాబుగారు రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టి, "వీళ్లిద్దరిలో మీరెవరు?" అన్నారు. నోటితో పలికినట్టే రాయాలని పోరాడిన గిడుగు రామమూర్తి గారు పంతులుగా పనిచేసిన ఊళ్లో! నోటరీ, స్టాంపు పేపరు, నాలుగు తిరుగుళ్లు.

మిమ్మల్ని తిప్పినా, బోర్లించినా ఒకే ముక్కగా లెక్కేస్తారు. బోర్లిస్తే వేరే ముక్కంటే ఆ 12 కాస్తా 18 అయిపోతాయి. నన్ను ఎవరూ తిప్పలేదు, బోర్లించలేదు. అయినా ఇద్దరినయ్యాను.

తమరిని ఒక్కసారి ఆ కిటికీ దగ్గరికి తీసుకెళ్లాలనుంది. సోమవారం పదిన్నరకి తెరుస్తారు. రెండు ఫొటోలు తెచ్చుకోండి.

ఇట్లు,
వెంకటరావు
భెంకట రావు