ఎక్కువ ధర చెప్పినవాళ్లకే అప్పగించేద్దామా?

మనలో ముందుగా అమెరికాకు వచ్చిన తరం ఇప్పుడు పెద్ద ఇళ్లు అమ్మేసి చిన్నవాటికి మారుతోంది. తాతల నాటి హుక్కా బుడ్డి, తంజావూరు పటం, కంచు విగ్రహాలు పిల్లలకు అక్కర్లేదు. దాంతో నాలుగు ఆక్షన్ హౌస్‌లకు (వేలం సంస్థలకు) ఫొటోలు పంపడం, ఎవరు ఎక్కువ ఎస్టిమేట్ (వేలంలో ఎంత పలకొచ్చన్న అంచనా) చెబితే వాళ్లకు సరుకంతా అప్పగించడం. ఇలా చేస్తే నష్టపోతామని నా అభిప్రాయం.

ఎస్టిమేట్ ఎవరూ రాసిచ్చే హామీ కాదు. సరుకు తమకే రావాలని దాన్ని పెంచి చెప్పేవాళ్లు ఉన్నారు. ఆ అంకె చూసి వేలం పాట పాడేవాళ్లు వెనకాడితే వస్తువు అమ్ముడుపోదు. ఆ సంగతి ఆన్‌లైన్‌లో ఉండిపోతుంది కాబట్టి తర్వాత వచ్చేవాళ్లు ఇంకా తగ్గించి అడుగుతారు. కమిషన్, ఫొటోలు, ఇన్సూరెన్స్, అమ్ముడుపోకపోతే కట్టాల్సింది, డబ్బు చేతికొచ్చే గడువు, ఇవన్నీ అగ్రిమెంట్‌లో ఉన్నాయో లేదో చూసుకోండి. 'మీకు కమిషన్ లేదు' అంటే మురిసిపోవద్దు. పాట ధర మీద అదనంగా కొనేవాళ్ల దగ్గర వసూలు చేసే రుసుము (బయ్యర్స్ ప్రీమియం) ఉంటుంది, దాన్ని కొనేవాళ్లు లెక్క వేసుకుని ఆ మేరకు తగ్గించే పాడతారు.

అసలు చూడాల్సింది వాళ్లకు మన వస్తువు తెలుసా లేదా అని. బిద్రీ హుక్కా బుడ్డినే తీసుకోండి. జింకులో కాస్త రాగి కలిపి పోతపోసి, వెండి పొదిగి, బీదర్ కోట మట్టితో నలుపు తెప్పిస్తారు. ఆ నలుపే దాని అందం, విలువ కూడా. 'బాగా పాలిష్ చేసి తీసుకురండి' అన్నవాళ్లకు బిద్రీ తెలియదన్నమాట. ఇంటి సామానంతా అమ్మేసే వీధి చివరి ఎస్టేట్ సేల్‌లో అది ఏదో ఇండియన్ ఫ్లవర్‌వాజ్‌గా పోతుంది. దక్కన్ వస్తువులు కొనేవాళ్లు మార్చి, సెప్టెంబర్ నెలల్లో ఏషియా వీక్ పేరుతో జరిగే ఆసియా కళావస్తువుల వేలాలకు న్యూయార్క్ వైపు చూస్తారు. ఒక్క మంచి వస్తువు అక్కడికి, మిగతా సామాను ఊళ్లోని సంస్థకు ఇచ్చినా తప్పేం లేదు.

విగ్రహాల సంగతి వేరు. వందేళ్లు దాటిన శిల్పాలను ప్రైవేటు వ్యక్తులు దేశం దాటించకూడదని భారత్ 1972లో చేసిన చట్టం 1976 నుంచి అమల్లో ఉంది. మన ప్రకాశం జిల్లా చందవరం నుంచి చోరీ అయిన బౌద్ధ శిల్పాన్ని ఆస్ట్రేలియా నేషనల్ గ్యాలరీ 2005లో న్యూయార్క్ డీలర్ దగ్గర కొని, 2016లో మనకు తిరిగి ఇచ్చేసింది. అంత పెద్ద మ్యూజియానికే తప్పలేదు. 'మా పూజగదిలోదేనండీ' అంటే సరిపోదు. ఎప్పుడు, ఎలా వచ్చిందో చెప్పే పాత ఫొటో, ఉత్తరం, కస్టమ్స్ కాగితం, ఏదైనా ఉండాలి. వీటి కోసం విసిగించే సంస్థ మీద మనవాళ్లు చిరాకు పడుతుంటారు. నేనైతే వాళ్లకే ఇస్తాను. ఏమీ అడగకుండా 'పంపించేయండి' అన్నవాళ్లకు మాత్రం ఇత్తడి చెంబు కూడా ఇవ్వను.