కాలో చెయ్యో చెప్పని లిపి

మలయ్ భాషను రాసే రోమన్ లిపిని మలేసియాలో రూమీ అంటారు. రాసింది రాసినట్టు చదివేయొచ్చని దానికి మంచి పేరు. ఆ పేరు చెడకూడదంటే ఐదో అక్షరం ‘e’ వైపు చూడకుండా ఉంటే చాలు.

దానికి రెండు పలుకులు. తాలింగ్ అయితే మన ‘ఎ’. పెపెట్ అయితే పెదవులు కదపకుండా నసిగే అరకొర ‘అ’. మలయ్ పండితుడు జాబా కూర్చిన పాత పద్ధతిలో పెపెట్ నెత్తిన చిన్న దొప్ప ఉండేది. ఇండోనేసియాలో డచ్చివాళ్ల 1901 పద్ధతిలో తాలింగ్ మీద గీత ఉండేది. గీతను ఆ దేశం 1947లో పీకేసింది. 1972 ఆగస్టు 16న ఇండోనేసియా, మలేసియా రెండూ కొత్త వర్ణక్రమం ప్రకటించినప్పుడు కౌలాలంపూర్‌లో దొప్పా పోయింది. పొదుపంటే అదీ.

ఇప్పుడు ‘సెపక్’ చూడండి. తాలింగ్‌తో అంటే కాలితో తన్నడం, పెపెట్‌తో అంటే చెంప పగలగొట్టడం. రాత ఒక్కటే. ‘పక్కింటాయన నన్ను సెపక్ చేశాడు’ అని ఒకడు పోలీసులకు కాగితం రాసిచ్చాడనుకుందాం. ఎస్సైగారు ముందు చెంప చూస్తారు, తర్వాత మొహమాటపడుతూ వెనక్కి తిరగమంటారు. డాక్టరు రెండు చోట్లా సర్టిఫికెట్ ఇస్తాడు. ఇంతలో సాక్షి ‘పెరాంగ్’ అని రాసిస్తాడు. పెపెట్ అయితే యుద్ధం, తాలింగ్ అయితే గోధుమరంగు. ముద్దాయి వకీలు లేచి, తన క్లయింటు జుట్టు నల్లగా ఉంది కాబట్టి కేసు కొట్టేయమంటాడు.

నేర్చుకునేవాళ్లకు ఒక ఊరట: బెర్, తెర్, కె, సె లాంటి ఉపసర్గలన్నీ పెపెట్టే. మిగతావి నిఘంటువులో వెతుక్కోవాలి. అక్కడ తాలింగ్ మీద గీత పెట్టే ఉంటుంది! అవసరమని తెలుసన్నమాట. (మన ‘వచ్చాడు’లో సాగే ఆ అచ్చుకీ అక్షరం లేదు. ఆ సంగతి ఇప్పుడెందుకులెండి.)

అసలు మండేది ఇక్కడ. అరబీ అక్షరాల జావీ లిపి అచ్చులు సరిగా చూపదని ఎద్దేవా చేసి మూలకు నెట్టారు. మలేసియాలో 1963 నాటి జాతీయ భాషా చట్టం రూమీకి పీట వేసి, జావీ వాడితే నిషేధం లేదని పక్కన చాప పరిచింది. ఆ జావీలో తన్నుకు ‘యా’ అనే అక్షరం రాస్తారు, చెంపదెబ్బకు రాయరు. గోధుమరంగుకు రాస్తారు, యుద్ధానికి రాయరు. అచ్చులు రావన్న లిపికి వచ్చిన తేడా, అచ్చుల కోసమే పిలిపించుకున్న లిపికి రాదు! దొప్ప పీకినవాళ్లకు కాస్తయినా సిగ్గనిపించలేదా?

జావీలో ఉన్న తాత ఉత్తరం చాలామంది మనవళ్లకు పురుగులు పాకినట్టుంటుంది. తన్నాడో కొట్టాడో ఆయన అందులో స్పష్టంగానే రాశాడు.